మోడల్ విమానానికి ఇన్‌ఫ్రారెడ్ వాలు సెన్సార్లు: చోటు ఎంచుకోవడం నుంచి మొదటి ఫ్లైట్ దాకా

మోడల్ విమానం ఒరిగితే ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లతో కనిపెట్టి, దాన్ని దానంతట అదే మట్టానికి వచ్చేలా చేయొచ్చు. దీన్నే స్థిరీకరణ అంటాం. దీని గురించి విజయనగరం, రాజాం, టెక్కలి వైపు ఇంజనీరింగ్ చదివే పిల్లలు నన్ను అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. “బల్ల మీద అన్నీ సరిగ్గానే చూపిస్తున్నాయి సార్, గాల్లోకి వెళ్లాక విమానం ఒక పక్కకే ఒరుగుతోంది, ఎందుకు?” ఎక్కువసార్లు తప్పు ప్రోగ్రామ్‌లో ఉండదు. సెన్సార్ పెట్టిన చోటులోనో, సున్నా పట్టిన తీరులోనో ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో ప్రోగ్రామ్ గురించి తక్కువ, బిగింపు గురించి ఎక్కువ.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి బుర్రకెక్కాలి. ఈ సెన్సార్‌కి వాలు అంటే ఏమిటో తెలీదు, దానికి తెలిసింది వేడి ఒక్కటే. నేల వెచ్చగా ఉంటుంది, ఆకాశం చల్లగా ఉంటుంది. ఎదురెదురు దిక్కులకు చూసే రెండు సెన్సార్లలో ఏది ఎక్కువ వెచ్చదనం చూస్తే, ఆ వైపు విమానం కిందికి దిగిందని లెక్క కడతాం. అంతే విద్య. నేలా ఆకాశమూ కాక ఇంకేది దాని కంటపడినా, ఆ వేడిని కూడా అది వాలు కిందే జమకడుతుంది.

1. ఏం కొనాలి

పాత ఎఫ్ఎంఏ కో-పైలట్ (మోడల్ విమానాల కోసమే వచ్చిన ఇన్‌ఫ్రారెడ్ స్థిరీకరణ కిట్) సెన్సార్లు ఎవరి దగ్గరైనా దొరికితే అదృష్టమే. లేకపోతే ఆన్‌లైన్లో సులువుగా దొరికే జీవై-906 బోర్డులు తీసుకోండి. వాటి మీద ఉండేది ఎంఎల్ఎక్స్90614 సెన్సార్. నెంబరు చివర మూడు అక్షరాలు చూసి కొనాలి. మనకు కావలసింది బీఏఏ: 3 వోల్టుల రకం, చూపు వెడల్పు 90 డిగ్రీలు. ఇదే కుటుంబంలో 35, 10, 5 డిగ్రీల ఇరుకు చూపువి కూడా ఉన్నాయి. అవి జ్వరం చూడటానికీ మోటారు వేడి చూడటానికీ పనికొస్తాయి, మనకు కాదు.

కావలసినవి:
- బీఏఏ సెన్సార్ బోర్డులు 6 (అడ్డంగా చూసేవి 4, పైకీ కిందికీ చూసేవి 2)
- టీసీఏ9548ఏ మల్టీప్లెక్సర్ బోర్డు 1
- మీరు వాడే మైక్రోకంట్రోలర్ లేదా ఆటోపైలట్ బోర్డు
- తెల్ల సన్‌ప్యాక్ షీట్ (బోర్డులకి వాడే తేలిక ప్లాస్టిక్ షీట్), డెప్రాన్ (పల్చని ఫోమ్ షీట్) ముక్క, 3 మిల్లీమీటర్ల బాల్సా (తేలిక చెక్క)
- రెండు వైపులా అంటుకునే ఫోమ్ టేప్, వెల్క్రో
- చిన్న స్పిరిట్ లెవెల్, ఇయర్ బడ్స్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్
- మూత పడే థర్మోకోల్ పెట్టె (మందుల షాపులో అడిగితే ఊరికే ఇస్తారు)

మల్టీప్లెక్సర్ ఎందుకంటే, ఆరు సెన్సార్లూ ఫ్యాక్టరీ నుంచి ఒకే చిరునామాతో వస్తాయి. ఒకే తీగ మీద ఆరుగురూ ఒకే పేరుకి పలికితే ఎవరి మాటా వినపడదు. సెన్సార్‌లోనే చిరునామా మార్చుకోవచ్చు, కానీ అది రాసేటప్పుడు పొరపాటు జరిగితే ఆ బోర్డు ఏ చిరునామాకి పలుకుతుందో వెతుక్కోవాలి. మల్టీప్లెక్సర్‌లో ఎనిమిది దారులుంటాయి, మనకు ఆరు చాలు.

ఎంపీయూ-6050 లాంటి గైరో చిప్ ఇంతకంటే చవకగా వస్తుంది కదా అంటారు. వస్తుంది. పోటీలో గెలవాలంటే అదే పెట్టుకోండి. మోటారు అదురుకు చెదరకుండా, గంట గడిచినా సున్నా జారకుండా “పైకి” అంటే ఎటో చెప్పే పరికరం కావాలంటే, దాంతోపాటు సెన్సార్ భౌతికశాస్త్రం చేత్తో పట్టుకుని నేర్చుకోవాలంటే మాత్రం ఇదే మేలు.

2. చోటు: సగం పని ఇక్కడే

అడ్డంగా చూసే నాలుగు సెన్సార్లను ప్లస్ గుర్తులా పెట్టాలా, ఇంటూ గుర్తులా పెట్టాలా? ఇంటూలాగే పెట్టండి. ప్లస్‌లో పెడితే ముందు సెన్సార్ తిన్నగా ప్రొపెల్లర్‌నీ మోటార్‌నీ చూస్తుంది, వెనకది తోకను చూస్తుంది, పక్కవి రెక్కల పొడవునా చూస్తాయి. 90 డిగ్రీల చూపున్న సెన్సార్‌ను 45 డిగ్రీల దిక్కుకి తిప్పితే ముక్కు ఒక అంచుకీ రెక్క కొస రెండో అంచుకీ వెళ్లిపోతాయి. నడిమి చూపు ఖాళీగా మిగులుతుంది. సెన్సార్‌కి నడిమి చూపే బలమైనది.

ఇప్పుడు ఎత్తు. పైరెక్క ట్రైనర్ (రెక్క ఒంటికి పైన ఉండే, నేర్చుకునేవాళ్ల విమానం) అయితే రెక్క మీద సరిగ్గా మధ్యలో పెట్టడం మంచిది. కానీ బోర్డును రెక్క మీదే అంటించేస్తే అది చూసే కింది సగమంతా రెక్కే. ఆ రెక్క విమానంతోపాటే ఒరుగుతుంది కాబట్టి వాలు గురించి ఒక్క ముక్కా చెప్పదు. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లుంటే, మధ్యలో 5 సెంటీమీటర్ల ఎత్తు స్తంభం మీద పెట్టండి. 45 డిగ్రీల దిక్కున రెక్క అంచు 14 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి, దిగంతం నుంచి కిందికి దాదాపు 20 డిగ్రీల నేల అడ్డులేకుండా కనపడుతుంది. మిగతాది రెక్క తింటుంది, ఫర్వాలేదు. నాలుగు దిక్కులా సమానంగా తినాలి, అంతే.

ఆ సమానత్వమే చాలామంది మరిచిపోతారు. రెక్క ముందు అంచు దగ్గర బిగిస్తే ముందు రెండు సెన్సార్లూ నేలను చూస్తాయి, వెనక రెండూ రెక్కను చూస్తాయి. నల్లరంగు రెక్క ఎండలో కాలిపోతుంటే వెనక ఎక్కువ వెచ్చగా కనపడి, తోక దిగిందనుకుని విమానం ముక్కు దించుతుంది. రెక్క వెడల్పు సగానికి పెడితే ఈ గొడవ లేదు.

విమానం రకాన్ని బట్టి:
- పైరెక్క ట్రైనర్: రెక్క మీద మధ్యలో, స్తంభం మీద.
- కిందిరెక్క మోడల్: కాక్‌పిట్ వెనక, ఫ్యూజలాజ్ (విమానం ఒళ్లు) వీపు మీద.
- వెనక ప్రొపెల్లర్ ఉన్న ఫ్లయింగ్ వింగ్: ముక్కు దగ్గరే స్తంభం. మోటారు దూరంగా ఉంటుంది, ముందంతా ఖాళీ. బిగించడానికి ఇంతకంటే సుఖమైన మోడల్ లేదు.
- గ్లో ఇంజన్ (ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్): మఫ్లర్ ఉన్న వైపు సెన్సార్‌కి అది నిప్పుల కుంపటి. పైగా పొగతో వచ్చే నూనె చుక్కలు సెన్సార్ కిటికీ (వేడిని చూసే ముందు భాగం) మీద పడతాయి. కొత్తవాళ్లు ఎలక్ట్రిక్ మోటారుతోనే మొదలుపెట్టండి.

బిగించాక ఒక పరీక్ష. సెన్సార్ ఉన్న చోట మీ ఫోన్ కెమెరా పెట్టి నాలుగు దిక్కులా నాలుగు ఫొటోలు తీయండి. యాంటెన్నా, సర్వో హార్న్ (చిన్న మోటారుకి ఉండే కదిలే చేయి), వైరు కట్ట, స్తంభానికి చుట్టిన టేప్ కొస, ఏది ఒక్క ఫొటోలోనే కనపడుతుందో దాన్ని పక్కకి తప్పించండి.

3. పీఠం తయారీ

సన్‌ప్యాక్ షీట్‌లో 6 సెంటీమీటర్ల చదరపు పలక కోయండి. మధ్యలో రెండు మూలరేఖలు గీయండి. ఒక్కో మూలలో ఒక్కో బోర్డు, కిటికీ బయటికి చూసేలా నిలబెట్టండి. నిలబెట్టడానికి బాల్సా ముక్కలు రెండు వైపులా ఆసరా ఇస్తే చాలు. సెన్సార్ లోహపు డబ్బీకి దగ్గర్లో హాట్ గ్లూ వాడొద్దు. ఆ వేడికి సెన్సార్ పాడవకపోయినా, గ్లూ మెత్తబడి బోర్డు రెండు మూడు డిగ్రీలు వంగిపోతుంది. మే నెలలో కారు లోపల పెట్టి మరిచిపోతే చూడండి తమాషా.

పలకకీ రెక్కకీ మధ్య డెప్రాన్ పొర ఒకటి వేయండి. రెక్క వేడి సెన్సార్ ఒంటికి పాకకూడదు. సెన్సార్ ఒక పక్క కాలి ఇంకో పక్క చల్లగా ఉంటే అది చెప్పే లెక్క తప్పుతుంది. పలకను తెల్లగానే ఉంచండి. పిల్లలు అందం కోసం నల్ల కార్బన్ స్టిక్కర్ అంటిస్తారు, అక్కర్లేని పని.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. దుమ్ము పడుతుందని సెన్సార్ ముందు గాజుగానీ యాక్రిలిక్‌గానీ ఓహెచ్‌పీ షీట్‌గానీ అడ్డం పెట్టకండి. మన కంటికి అవి పారదర్శకం. 8 నుంచి 14 మైక్రాన్ల పరారుణానికి, అంటే ఇన్‌ఫ్రారెడ్‌కి, అవి గోడలు. సెన్సార్ ఆకాశాన్ని కాదు, ఆ గాజు వేడిని చదువుతుంది. తప్పనిసరైతే పల్చని పాలిథిన్ ఒక్కటే కాస్త దారిస్తుంది. నేనైతే అదీ పెట్టను, ఎగరనప్పుడు ఒక అగ్గిపెట్టె తొడుగు పెడతాను.

4. మట్టం చూడటం

ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, ఫ్యూజలాజ్ అడుగు భాగాన్ని మట్టంగా తీసుకోవడం. విమానం తిన్నగా ఎగిరేటప్పుడు దాని అడుగు భాగం మట్టంగా ఉండాలని రూలేం లేదు. సెన్సార్ పలక మట్టంగా ఉండాల్సింది విమానం చేతి పట్టులో, ట్రిమ్ (స్టిక్ వదిలేసినా తిన్నగా పోయేలా చేసే సర్దుబాటు) కుదిరి, సగం థ్రాటిల్‌లో తిన్నగా పోతున్న భంగిమకి.

అందుకని సెన్సార్లు పెట్టకముందే విమానాన్ని ఎగరేసి ట్రిమ్ చేయండి. పక్కనుంచి ఒక స్నేహితుడు వీడియో తీయాలి. తిన్నగా పోతున్న చోట ఆపి, దిగంతం గీతకీ ఫ్యూజలాజ్‌కీ మధ్య కోణం చూసుకోండి. ఇంటికొచ్చి బల్ల మీద తోక కింద పుస్తకాలు పెట్టి అదే కోణానికి తెచ్చి, అప్పుడు పలక మీద స్పిరిట్ లెవెల్ పెట్టి అంటించండి. అడ్డంగా మట్టం కోసం రెండు రెక్కల కొసలూ బల్ల నుంచి ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో స్కేలుతో కొలవండి.

అటూ ఇటూ 1 డిగ్రీ తేడా ఉంటే ట్రిమ్‌తో సర్దుకుంటుంది. 3 డిగ్రీలు దాటితే విప్పి మళ్లీ అంటించడమే.

5. పైకీ కిందికీ చూసే జత

ఈ రెండూ లేకపోయినా పని నడుస్తుందని కొందరంటారు. నడుస్తుంది, ఒక్కపూట. ఉదయం ఆకాశానికీ నేలకీ 30 డిగ్రీల తేడా ఉంటే, మబ్బు పట్టాక 12 కావచ్చు. అప్పుడు అదే 20 డిగ్రీల వాలుకి అడ్డం జత చూపించే తేడా సగం కంటే తక్కువకి పడిపోతుంది, విమానం బద్ధకంగా స్పందిస్తుంది. నిలువు జత ఆ పూట ఆకాశం-నేల తేడా ఎంతో ఎప్పటికప్పుడు చెబుతుంది. దాంతో భాగిస్తే వాలు కోణం నిలకడగా వస్తుంది.

పెట్టే చోటు: ఫ్యూజలాజ్ పక్క గోడకి, రెక్క వెనక అంచు దాటాక. పైదానికి రెక్క అడ్డు రాకూడదు, కిందిదానికి చక్రాల తీగ అడ్డు రాకూడదు. బొడ్డు మీద దిగే విమానమైతే కింది సెన్సార్‌ను అడుగు అంచుకంటే కనీసం 2 సెంటీమీటర్లు పైనే ఉంచండి. లేకపోతే మొదటి ల్యాండింగ్‌లోనే కిటికీ నిండా మట్టి.

6. లెక్క, ఒక్క పేరాలో

ఇంటూ గుర్తులో పక్క వాలు కావాలంటే కుడి రెండు సెన్సార్ల మొత్తం నుంచి ఎడమ రెండింటి మొత్తం తీసేయండి. ముక్కు వాలు కావాలంటే ముందు రెండింటి నుంచి వెనక రెండింటిని తీసేయండి. రెండు ఫలితాలనూ 1.41తో భాగించండి. నిలువు తేడా అంటే కింది సెన్సార్ నుంచి పై సెన్సార్ తీసేయగా వచ్చేది. పక్క తేడా, నిలువు తేడా రెంటినీ ఏటాన్2 ఫంక్షన్‌కి ఇస్తే కోణం వస్తుంది. ఊరికే భాగించి ఆర్క్‌టాన్ తీస్తే తలకిందులైనప్పుడు కోణం తప్పుతుంది, ఏటాన్2 దాన్ని కూడా పట్టుకుంటుంది.

7. వైరింగ్

ఈ సెన్సార్ల బస్సు (అన్నీ మాట్లాడే ఉమ్మడి తీగ) వేగం 100 కిలోహెర్ట్జ్ దాటకూడదు. చాలా ఆటోపైలట్ బోర్డులు 400తో మొదలవుతాయి, మార్చుకోండి. వైర్లు 30 సెంటీమీటర్ల లోపు ఉంచండి. మల్టీప్లెక్సర్‌ను స్తంభం మొదట్లోనే పెడితే అన్ని వైర్లూ పొట్టిగా వస్తాయి.

- సెన్సార్ వైర్లు ఈఎస్‌సీకీ (మోటారు వేగాన్ని నడిపే బోర్డు) మోటారు తీగలకీ సమాంతరంగా పోకూడదు. అడ్డంగా దాటితే పర్లేదు.
- వీడియో ట్రాన్స్‌మిటర్ ఉంటే దాన్ని సెన్సార్ వైర్లకి దూరంగా రెక్కలోకి పంపండి. పాత కో-పైలట్ లాంటి అనలాగ్ సెన్సార్లకి రేడియో తరంగం సోకితే విమానం వణుకుతుంది.
- ప్రతి వైరుకీ కనెక్టర్ దగ్గర ఒక మెలిక వదిలి టేప్ వేయండి.

8. దిక్కు పరీక్ష: అరచేయి చాలు

ప్రొపెల్లర్ విప్పేయండి. విప్పకుండా ఈ పరీక్ష చేయొద్దు. గదిలో ఫ్యాన్ ఆపి, విమానాన్ని బల్ల మీద పెట్టి కరెంటు ఇవ్వండి. స్థిరీకరణ ఆన్ చేయండి.

అరచేతిని కుడి ముందు, కుడి వెనక సెన్సార్లకి ఒక జానెడు దూరంలో పెట్టండి. మీ చేయి వెచ్చగా ఉంటుంది కాబట్టి కుడి రెక్క దిగిందని విమానం అనుకోవాలి. దాన్ని లేపడానికి కుడి ఐలెరాన్ (రెక్క వెనక అంచున కదిలే రెప్ప) కిందికి, ఎడమ ఐలెరాన్ పైకి కదలాలి. అలా కాక ఎదురు కదిలితే ప్రోగ్రామ్‌లో గుర్తు తిరగేయండి. ట్రాన్స్‌మిటర్‌లో సర్వో రివర్స్ నొక్కితే మీ స్టిక్ కూడా తిరగబడుతుంది, అది వద్దు.

తర్వాత ముక్కు ముందు రెండు అరచేతులూ పెట్టండి. ముక్కు దిగిందనుకుని ఎలివేటర్ (తోక మీద కదిలే రెప్ప) పైకి లేవాలి.

వేసవి మధ్యాహ్నం మన ఇళ్లలో గోడలే ఒంటి వేడికి దగ్గరగా ఉంటాయి. చేయి పెట్టినా కదలిక కనపడదు. అప్పుడు వేడి టీ గ్లాసు వాడండి, లేదా ఫ్రిజ్‌లోని సీసా పెట్టి ఎదురు కదలిక చూడండి.

ఈ పరీక్షను ప్రతిసారీ మైదానంలో ఎగరేసేముందు కూడా చేయాలి. తోక, రెక్క విప్పి మోటార్‌సైకిల్ మీద తీసుకెళ్లే మనకి కనెక్టర్లు తారుమారవడం కొత్తేం కాదు.

9. సున్నా పట్టడం: థర్మోకోల్ పెట్టె

ఆరు సెన్సార్లూ ఒకే వేడిని చూసినా ఆరూ ఒకే అంకె చెప్పవు. గది వేడిలో వీటి కచ్చితత్వం అటూ ఇటూ అర డిగ్రీ. ఒకటి అర ఎక్కువా, ఎదురుది అర తక్కువా చెబితే జతలో 1 డిగ్రీ తప్పు.

ఆ 1 డిగ్రీ ఎంత చెడు చేస్తుందంటే: ఆకాశం-నేల తేడా 30 డిగ్రీలున్న రోజు అది దాదాపు 2 డిగ్రీల వాలుగా కనపడుతుంది, మీరు గమనించరు కూడా. తేడా 10 ఉన్న రోజు అదే తప్పు దాదాపు 6 డిగ్రీల వాలవుతుంది. “నిన్న బాగానే ఎగిరింది సార్, ఇవాళ మబ్బుంది, గుండ్రంగా తిరుగుతోంది” అనే ఫిర్యాదుకి అసలు కారణం మబ్బు కాదు. ఎప్పుడూ ఉన్న తప్పునే మబ్బు మూడింతలు చేసి చూపించింది.

పద్ధతి:
- సెన్సార్ పలకనూ నిలువు జతనూ విమానం నుంచి విప్పి, వైర్లతో సహా థర్మోకోల్ పెట్టెలో పెట్టి మూత వేయండి. అందుకే వెల్క్రో కొనమన్నాను.
- నీడలో 20 నిమిషాలు వదిలేయండి. ఈలోగా టీ తాగి రండి.
- ఆరు అంకెలూ ఒక నిమిషంపాటు నమోదు చేసి ఒక్కోదానికి సగటు తీయండి.
- ఆరింటి మొత్తం సగటు నుంచి ఒక్కోటి ఎంత తేడాలో ఉందో ప్రోగ్రామ్‌లో రాయండి. ఇక ఎప్పుడు చదివినా ఆ తేడా తీసేయాలి.
- ఇంకోరోజు, ఇంకో వేడిలో మళ్లీ చేయండి. రెండు రోజుల అంకెలూ కలవకపోతే ఆ సెన్సార్ కిటికీ తుడిచి చూడండి. అప్పటికీ కలవకపోతే మార్చేయండి.

పెట్టె లేకుండా మైదానంలోనే సున్నా పట్టేవాళ్లున్నారు. నేనూ పట్టాను ఒకప్పుడు. విమానానికి ఎడమ పక్క అప్పుడే ఆపిన బైకు ఉంది, ఇంజను సెగలు కక్కుతోంది. ఆ సెగనే మట్టం అనుకుంది విమానం. గాల్లోకి వెళ్లాక ఎడమ పక్క ఆ సెగ లేదు, అంటే కుడివైపు దిగిందన్నమాట దాని లెక్కలో. ఎడమకి ఒరుగుతూ ఒరుగుతూ సరుగుడు తోటలోకి పోయింది. రెక్క దొరికింది, తోక ఇప్పటికీ అక్కడే ఎక్కడో ఉండాలి.

10. మైదానంలో ఆ పూట లెక్క

ముందు చోటు. డ్రోన్ నియమాలు 2021 ప్రకారం 25 కిలోల లోపు బరువుండి, చదువుకో సరదాకో, కంటికి కనపడేంత దూరంలోనే ఎగరేసే మోడల్ కూడా ఈ నియమాల కిందికే వస్తుంది. డిజిటల్ స్కై మ్యాప్‌లో (ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ మ్యాప్) మీ చోటు ఆకుపచ్చగా, అంటే ముందు అనుమతి అక్కర్లేని చోటుగా, ఉందో లేదో చూడండి, ఆకుపచ్చలో కూడా 400 అడుగులు, అంటే 120 మీటర్లు దాటొద్దు. భోగాపురం చుట్టుపక్కలవాళ్లూ విశాఖ వైపు ఆనుకుని ఉన్నవాళ్లూ మ్యాప్ చూడకుండా బ్యాటరీ కూడా తగిలించకండి.

ఏసీ కారులోంచి విమానం దింపగానే మన తీరపు ఉక్కకి చల్లటి సెన్సార్ కిటికీ మీద చెమ్మ పడుతుంది. నీటి పొర కూడా పరారుణానికి గోడే. దింపి నీడలో పావుగంట ఉంచండి. ఆ తర్వాతే కరెంటు.

తర్వాత తేడా కొలవండి. విమానాన్ని తలపైకి ఎత్తి మట్టంగా పట్టుకోండి, నిలువు జత చెప్పే అంకె రాసుకోండి. ఈ సమయంలో చుట్టూ మనుషులుండకూడదు. ఇది చెప్పినంత సులువు కాదు. మన ఊళ్లలో విమానం బయటికి తీస్తే చాలు, గుంటలంతా, అదే పిల్లలంతా, చేరిపోతారు. “అన్నియ్యా, ఇది నిజంగా ఎగురుతాదేటి?” అని ఒకే పక్క గుంపుగా నించుంటారు. ఒక్కో ఒళ్లూ సెన్సార్‌కి ఒక చిన్న పొయ్యి. వాళ్లని పాతిక అడుగుల దూరం పంపించి, “మీరు దగ్గరుంటే పడిపోద్ది” అని చెప్పండి. నిజమే చెప్పినట్టు.

నా హద్దులు ఇవి, అనుభవంతో పెట్టుకున్నవి:
- తేడా 20 డిగ్రీలు దాటితే: నిశ్చింతగా ఎగరేయండి.
- 10 నుంచి 20: గెయిన్ (వాలుని ఎంత జోరుగా సరిచేయాలన్న లెక్క) తగ్గించి, తోడు పైలట్ ఉంటేనే.
- 10 లోపు: స్థిరీకరణ ఆఫ్. మామూలుగా చేత్తో ఎగరేసుకోండి.

మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ. ఆ నీటి ఆవిరే ఆకాశాన్ని సెన్సార్‌కి వెచ్చగా చూపిస్తుంది, తేడా తగ్గుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొగమంచు విడిచాక, తొమ్మిది తర్వాత, ఈ సెన్సార్లకి మంచి కాలం. పొగమంచులో మాత్రం అన్ని దిక్కులూ ఒకే వేడి. అప్పుడు సెన్సార్ గుడ్డిదే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కింది మబ్బులతో ఎక్కువ రోజులు మూడో హద్దులోకే వస్తాయి.

11. మొదటి ఫ్లైట్ వరుస

1) ట్రాన్స్‌మిటర్‌లో ఒక స్విచ్‌కి స్థిరీకరణ ఆన్-ఆఫ్, ఒక తిప్పే గుండీకి గెయిన్ ఇచ్చి ఉండాలి. స్విచ్ లేకుండా ఎగరేయొద్దు.

2) ఆఫ్‌లో పెట్టి టేకాఫ్ చేయండి. నేలకి దగ్గరగా చెట్లూ మనుషులూ బళ్లూ అన్నీ సెన్సార్ కంటికి పెద్దవే.

3) 40, 50 మీటర్ల ఎత్తుకి వెళ్లి ట్రిమ్ మళ్లీ సరిచూడండి. ఇది ఆఫ్‌లోనే.

4) గెయిన్‌ను పావు వంతు దగ్గర ఉంచి, మీ వైపు కాకుండా ఎదురుగాలికి తిన్నగా పోతున్నప్పుడు ఆన్ చేయండి. వేలు స్విచ్ మీదే ఉండాలి.

5) చేత్తో 20 డిగ్రీలు ఒరగబెట్టి స్టిక్ వదిలేయండి. నెమ్మదిగా మట్టానికి రావాలి.

6) గెయిన్ కొంచెం కొంచెంగా పెంచండి. రెక్కలు గబగబా ఊగడం మొదలైతే అక్కడి నుంచి మూడో వంతు తగ్గించండి. డిజిటల్ సెన్సార్లు కాస్త ఆలస్యంగా జవాబిస్తాయి, వాటికి గెయిన్ తక్కువే నప్పుతుంది.

7) దిగేముందు ఆఫ్.

12. కొండ, సముద్రం, ఇటుక బట్టీ

ఇవి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లకే ఎక్కువ అవసరం, ఎందుకంటే మనకి ఒక పక్క తూర్పు కనుమలు, ఇంకో పక్క బంగాళాఖాతం.

రామతీర్థం లాంటి ఒంటరి రాతికొండ పక్కన ఎగరేశారనుకోండి. కొండ ఉన్న వైపు ఆకాశం ఉండాల్సిన చోట వెచ్చటి రాయి ఉంది. ఆ వైపు రెక్క దిగిందనుకుని విమానం కొండకి దూరంగా ఒరుగుతుంది. ప్రమాదం లేదు కానీ తిన్నగా పోదు. కొండ ఎత్తుకి మూడు, నాలుగు రెట్ల దూరం జరగండి. ఒక్కొక్క చెట్టుతోనూ ఇంతే. తాటిచెట్ల వరస పొడవునా వెళ్తే వరస నుంచి పక్కకి తప్పుకుంటూ పోతుంది.

కళింగపట్నం, చింతపల్లి లాంటి తీరాల్లో లెక్క వేరు. మధ్యాహ్నం ఇసుక కాలిపోతుంటుంది, సముద్రం చల్లగా ఉంటుంది. ఇసుక వైపు రెక్క దిగిందనుకుని విమానం సముద్రం వైపు ఒరుగుతుంది. అంటే పడితే నీళ్లలోనే. చలికాలం తెల్లవారుజామున ఇసుక సముద్రం కంటే చల్లబడి ఉంటే అదే విమానం ఒడ్డు వైపు వస్తుంది. తీరంలో ఎగరేయాల్సే వస్తే ఒడ్డు నుంచి అర కిలోమీటరు లోపలికి వచ్చి ఎగరేయండి, మధ్యాహ్నం మానేయండి.

నదుల పక్కన కాలుతున్న ఇటుక బట్టీ, పొలంలో తగలబెట్టిన గడ్డి, ఎండలో తారురోడ్డు, వీటి మీదుగా పోయినప్పుడు క్షణంపాటు కుదుపు వస్తుంది. దాటాక సర్దుకుంటుంది, స్టిక్‌తో పోరాడకండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఒక పక్క నుంచే కమ్ముకొచ్చే ఉరుముల మబ్బు మాత్రం సర్దుకోదు. మబ్బు వైపు ఆకాశం వెచ్చన, రెండో వైపు చల్లన. విమానం మబ్బుకి దూరంగా ఒరుగుతూనే ఉంటుంది. మీరూ దాన్ని చూసి సామాను సర్దుకోండి.

13. లక్షణం చూసి మందు

ఎప్పుడూ ఒకే పక్కకి ఒరుగుతోంది, దిక్కు మార్చినా విమానానికి అదే పక్క: తప్పు విమానం మీదే ఉంది. థర్మోకోల్ పెట్టె పరీక్ష మళ్లీ చేయండి, కిటికీలు తుడవండి, పలక మట్టం చూడండి.

వెళ్లేటప్పుడు ఎడమకి, తిరిగొచ్చేటప్పుడు కుడికి: అంటే నేల మీద ఒకే దిక్కుకి పోతోంది. తప్పు చుట్టుపక్కల ఉంది. కొండ, సముద్రం, మబ్బు, వీటిలో ఏదో చూడండి.

థ్రాటిల్ పెంచితేనే ముక్కు పైకో కిందికో పోతోంది: ముందుగా సెన్సార్ ఆఫ్ చేసి అదే చేయండి. ఆఫ్‌లోనూ పోతే మోటారు కోణం సరిచేయాలి. ఆన్‌లోనే పోతే ముందు సెన్సార్లకి ఈఎస్‌సీ లేదా మోటారు వేడిగాలి తగులుతోంది.

మొదటి ఐదు నిమిషాలు బాగుండి తర్వాత ఒరగడం మొదలైంది: పలక ఒక పక్క ఎండకి కాగుతోంది. డెప్రాన్ పొర మందం పెంచండి, నల్లటి భాగాలేవైనా ఉంటే తెల్లరంగు వేయండి.

అంకెలు మధ్యలో ఆగిపోయి పాత విలువే వస్తోంది: బస్సు వేగం, కనెక్టర్ మెలిక, ఈ రెండే. ప్రోగ్రామ్‌లో ఒక కాపలా పెట్టండి: ఏ సెన్సార్ అయినా అర సెకను జవాబివ్వకపోతే స్థిరీకరణ దానంతట అదే ఆఫ్ అవ్వాలి.

కిటికీ తుడవడానికి ఇయర్ బడ్‌ను ఐసోప్రొపైల్‌లో ముంచి ఒకసారి గుండ్రంగా తిప్పండి, పొడి బడ్‌తో ఇంకోసారి. చొక్కా కొసతో తుడవొద్దు. వేలిముద్ర పడితే ఎగరేసేముందు తుడిచి, ఆల్కహాల్ ఆరి సెన్సార్ మళ్లీ చుట్టూ ఉన్న గాలి వేడికి వచ్చేదాకా ఐదు నిమిషాలు ఆగండి.